అరుగు రంగు హాల్లోకి వస్తే: విశాఖ ఇంట్లో టెర్రకోట గోడ వేయించుకునే పద్ధతి

హాల్లో ఒక గోడకి టెర్రకోట రంగు వేయించిన నెలకి అమ్మ ఊరి నుంచి వచ్చింది. సంచీ కింద పెట్టకముందే గోడ వంక చూసి, "ఇదేటే, ఇంట్లో గోడకి జేగురు పూయించేవు? అరుగనుకున్నావేటి?" అంది. నేను నాలుగు రంగు కార్డులు తిరగేసి, ఇంటీరియర్ ఫోటోలు వంద చూసి ఎంచుకున్న రంగు అది. అమ్మ ఒక్క మాటలో తేల్చేసింది.

తప్పు లేదు. టెర్రకోట అంటే ఇటాలియన్ భాషలో కాల్చిన మట్టి. మనకది కుండ రంగు, ప్రమిద రంగు, ఇటుక రంగు, పెంకు రంగు. పండగ ముందు గోడ అడుగున ఎర్రమన్ను పట్టీ తీసి దాని మీద తెల్లటి ముగ్గు వేసే వాళ్లకి ఈ రంగు పక్కన ఏ రంగు నప్పుతుందో ఒకరు చెప్పక్కర్లేదు. భీమిలి రోడ్డులో ఎర్రమట్టి దిబ్బలకి ఆ ఎరుపు ఎక్కడిదో, డబ్బాలోని టెర్రకోటకీ ఆ ఎరుపు అక్కడిదే. ఇనుము తుప్పు, అంటే ఐరన్ ఆక్సైడ్. అలాగని దిబ్బల మట్టి తెచ్చి గోడకి పూద్దామనుకోకండి. అది భూ వారసత్వ స్థలం, అక్కడి మట్టి అక్కడే ఉండాలి.

ఈ ఊళ్లో ఈ రంగుని పాడుచేసేవి రెండు: గోడలో చెమ్మ, నెత్తి మీద తెల్ల ట్యూబ్‌లైటు. ఈ రెండూ తేలాకే రంగు కార్డు పట్టుకోండి. నేను తిరగేసి చేశాను కాబట్టి చెబుతున్నా.

ముందు నెల చూసుకోండి

జూన్ నుంచి సెప్టెంబరు దాకా ఒక వాన, అక్టోబరు, నవంబరుల్లో తుపాన్ల వాన. హుద్‌హుద్ వచ్చింది అక్టోబరు 12నే కదా, 2014లో. ఈ ఆరు నెలలూ గోడ నీళ్లు తాగుతూనే ఉంటుంది. సంక్రాంతి ముందు గాలి పొడిగానే ఉంటుంది గానీ పెయింటర్లు దొరకరు, దొరికినా ఒక గోడ పనికి రారు. పండగ వెళ్లాక, జనవరి ఆఖరు నుంచి మార్చి లోపల పెట్టుకోండి. ఎండలు ముదిరాక వేస్తే రంగు గోడ మీద పరుచుకోకముందే ఆరిపోయి రోలర్ గీతలు మిగులుతాయి.

కొత్త ఫ్లాటైతే సిమెంటు ప్లాస్టరింగ్ అయ్యాక కనీసం 28 రోజులు గోడని వదిలేయండి. ఇంకా ఎక్కువ ఆగగలిగితే మరీ మంచిది. గృహప్రవేశం ముహూర్తం ముంచుకొస్తోందంటే అప్పటికి రంగు కింద వేసే ప్రైమర్‌తో ఆపి, రంగు తర్వాత వేయించుకోండి. పచ్చి గోడ మీద ఏ రంగైనా నిలవదు, ముదురు రంగు అసలే నిలవదు.

గోడకి పరీక్ష

నా మొదటి ప్రయత్నం పడకగదిలో. ఆ గోడకి అవతల బాత్రూమ్. నవంబరులో మొదలుపెట్టాం. వచ్చిన పెయింటర్ పొద్దున లప్పం (పుట్టీ) పెట్టి, సాయంత్రానికి రంగు ఎక్కించేశాడు. "ఎండిపోనాదండి, చెయ్యి పెట్టి చూడండి" అన్నాడు. పెట్టి చూశాను, పొడిగానే ఉంది. వచ్చే వానలకి ఆ ఎర్రటి గోడ మీద తెల్లటి ఉప్పు తేలి అచ్చం ప్రపంచ పటంలా తయారైంది. తెల్ల గోడ మీదైతే ఆ ఉప్పు ఎవరి కంటా పడేది కాదు. టెర్రకోట దాన్ని దాచదు.

కాబట్టి చేతిని నమ్మకండి. అడుగు పొడవు, అడుగు వెడల్పున పల్చటి ప్లాస్టిక్ షీటు కత్తిరించి, నాలుగు వైపులా టేపుతో గాలి దూరకుండా గోడకి అంటించండి. 24 గంటలు వదిలేయండి. విప్పినప్పుడు షీటు లోపలి వైపు నీటి చుక్కలుంటే చెమ్మ గోడలోంచి వస్తోంది. బయటి వైపు తడిగా ఉంటే అది గాలిలో తేమ, దానికి భయపడక్కర్లేదు. బాత్రూమ్ పక్క గోడ, కిటికీ కింద భాగం, మేడ మీది ఫ్లాటైతే స్లాబుకి దగ్గరగా ఒకచోట, సముద్రం వైపు బయటి గోడ... ఈ నాలుగు చోట్లా చేయండి.

చెమ్మ తేలితే రంగు సంగతి అక్కడితో ఆపండి. బయట గోడ పగులా, కిటికీ సన్‌షేడ్ మీద నీళ్లు నిలుస్తున్నాయా, బాత్రూమ్ టైల్స్ సందుల్లో సిమెంటు పోయిందా, పైపు కారుతోందా చూడాలి. కారణం పోకుండా లోపలి వైపు ఎన్ని వాటర్ ప్రూఫ్ మందులు పూసినా, నీళ్లు పక్కనుంచి దారి వెతుక్కుంటాయి. పైకి తేలిన తెల్ల ఉప్పుని తడిగుడ్డతో తుడవకండి, నీళ్లతో పాటు మళ్లీ లోపలికే పోతుంది. పొడి బ్రష్‌తో దులిపి, చేటలోకి ఎత్తి పారేయండి. కొన్నాళ్లాగి మళ్లీ దులపండి. తేలడం ఆగాకే ముందుకి.

వన్‌టౌన్, మహారాణిపేట వైపు పాత ఇళ్లలో ఉండేవాళ్లకి ఒక మాట. మీ గోడ సున్నపు గచ్చుదైతే దాని మీద ప్లాస్టిక్ రంగు మూత పెట్టినట్టు పనిచేస్తుంది. లోపలి తడి బయటికి రాలేక గచ్చు పెళ్లలుగా ఊడుతుంది. మీకు వెల్లే మేలు. సున్నంలో రెడ్ ఆక్సైడ్ పొడి కలిపి వేయించుకోండి. సున్నపు ఘాటుకి ఐరన్ ఆక్సైడ్ రంగులు చెడవు. పొడి మాత్రం సున్నం బరువులో పదో వంతు దాటకూడదు, దాటితే చేతికి అంటుతుంది. ఆ వెల్ల గోడకి వచ్చే మచ్చలు మచ్చలుగా ఉండే అందం ఏ డబ్బా రంగుకీ రాదు, ఖరీదూ తక్కువే.

వెలుతురు

మనకి సముద్రం తూర్పున. బీచ్ వైపు కిటికీ ఉన్న గదిలో పొద్దున్న ఏడింటికి వెలుతురు కుమ్మరించినట్టు ఉంటుంది, మధ్యాహ్నం రెండు దాటాక వాలిపోతుంది. అలాంటి గదిలో పొద్దున చూసి నచ్చిన రంగు సాయంత్రానికి చాక్లెట్ రంగులోకి దిగుతుంది. పడమటి కిటికీ గదిలో తిరగబడుతుంది, సాయంత్రం ఎండకి గోడ నిప్పుల్లా రగులుతుంది. ఉత్తరం వైపు గదికి ఏడాదిలో ఎక్కువ భాగం నేరుగా ఎండ రాదు, అక్కడ గోధుమ ఛాయ ఉన్న టెర్రకోట వేస్తే గది గుహే. అక్కడ నారింజ పాలు కాస్త ఎక్కువున్నది తీసుకోవాలి.

ఇక దీపాలు. మన ఇళ్లలో చాలావరకు ఉండేది 6500 కెల్విన్ తెల్ల ఎల్‌ఈడీ. ఆ నీలపు తెలుపు కింద టెర్రకోట ఎండిన నెత్తురులా, మట్టి అంటిన చొక్కాలా కనిపిస్తుంది. రంగు బాలేదని మళ్లీ వేయించుకున్న వాళ్లున్నారు, బల్బు మారిస్తే సరిపోయేది. 2700 నుంచి 3000 కెల్విన్ మధ్య వార్మ్ వైట్ తీసుకోండి. బల్బు పెట్టె మీద ఈ అంకె ఉంటుంది. పిల్లలు చదువుకునే గది అయితే 4000 దగ్గర ఆగండి. సీఆర్‌ఐ అంటే ఆ దీపం కింద రంగులు ఎంత నిజంగా కనబడతాయో చెప్పే అంకె; పెట్టె మీద సీఆర్‌ఐ 90 అని ఉన్నది దొరికితే ఇంకో పది రూపాయలు పోయినా అదే కొనండి, ఎరుపులు ఎరుపుల్లా కనబడతాయి. రంగు ఎంచుకోవడానికి ముందే బల్బులు మార్చేయాలి. తర్వాత మారిస్తే మీరు ఎంచుకున్న రంగు వేరు, బతికే రంగు వేరు.

ఏ టెర్రకోట?

కార్డులో దాదాపు ఒకేలా కనిపించే ఇరవై ఉంటాయి. వాటిని మూడు గుంపులు చేసుకుంటే తేలిక. కాల్చిన కుండలా కొంచెం గులాబీ వైపు మొగ్గేవి, కొత్త పెంకులా నారింజ వైపు మొగ్గేవి, పాత ఇటుకలా గోధుమ వైపు మొగ్గేవి. తలుపులు, గుమ్మాలు టేకువైతే నారింజ గుంపు వద్దు, టేకూ గోడా ఒకదాంట్లో ఒకటి కలిసిపోతాయి. కుండ గుంపు తీసుకోండి. నేల తెల్లటి టైల్స్ అయితే ఏదైనా సరే. పాత మొజాయిక్ నేలకి, నల్లటి కడప రాయికి మాత్రం పాత ఇటుక ఛాయ ఎంత బాగుంటుందో చెప్పలేను, నాకు ఆ నేల లేదన్న బాధ ఇప్పటికీ ఉంది.

కార్డు మీది చిన్న ముక్క చూసి నిర్ణయించకండి. ఎంచుకున్న రెండు, మూడు రంగులు ఒక్కో చిన్న డబ్బా కలిపించి, రెండడుగుల చదరం అట్టల మీద రెండేసి కోటింగులు వేయండి. చుట్టూ రెండంగుళాలు తెల్లగా వదిలేయాలి, లేకపోతే పాత గోడ రంగు కంటిని మోసం చేస్తుంది. ఆ అట్టల్ని గదిలో గోడ గోడకీ మార్చి చూడండి. పొద్దున ఒకసారి, మధ్యాహ్నం ఒకసారి, లైట్లు వేశాక ఒకసారి. రెండు రోజులు పడుతుంది. ఇంట్లో వాళ్ల అభిప్రాయాలు వస్తాయి, వినండి, పట్టించుకోవాలని లేదు.

నాలుగు గోడలకీ వేయిద్దామనుకుంటే ఎంచుకున్నదాని కంటే ఒక మెట్టు తేలిక రంగు తీసుకోండి. గోడల రంగు ఒకదాని మీద ఒకటి పడి అనుకున్నదాని కంటే చిక్కబడుతుంది. పది పన్నెండడుగుల గదికి నాలుగు గోడలూ ఎక్కువేనని నా లెక్క. ఒక్క గోడ చాలు. టీవీ వెనక గోడ, మంచం తలవైపు గోడ, భోజనాల బల్ల పక్క గోడ. వంటింట్లో వద్దు. నూనె చుక్కలు పడిన చోట తుడిచి తుడిచి, మెరుపు లేని మాట్ రంగు నిగనిగలాడే మచ్చలవుతుంది.

నాకు అన్నిటికన్నా నచ్చే పద్ధతి మాత్రం ఊళ్లో ఇళ్లదే. నేల నుంచి మూడున్నర అడుగుల దాకా టెర్రకోట, పైన మీగడ తెలుపు, మధ్యలో వేలెడు మందం తెల్ల గీత. సోఫా ఆనే చోట, పిల్లల చేతులు తగిలే చోట ముదురు రంగు పడుతుంది. పైన తేలిక రంగు ఉంటుంది కాబట్టి గది ఇరుకనిపించదు. పైకప్పుకీ మిగతా గోడలకీ సున్నంలా తెల్లటి తెలుపు వద్దు, పక్కపక్కన పొడుస్తున్నట్టు ఉంటుంది. సింహాచలం అప్పన్న మీది చందనం గుర్తుచేసుకోండి, ఆ రంగుని పాలల్లో కలిపితే ఎలా ఉంటుందో అలాంటిది అడగండి.

కొట్లో అడగాల్సినవి

రంగు కలిపే మెషీన్ ఉన్న కొట్టుకే వెళ్లండి. దాబాగార్డెన్స్, గాజువాక, ఎక్కడైనా సరే. రెడ్ ఆక్సైడ్, ఎల్లో ఆక్సైడ్‌లతో కలిసే ఫార్ములానేనా అని అడగండి. మెరుపు కోసం వేరే ఎరుపులు కలిపిన రంగులు ఎండ తగిలే గోడ మీద వెలుస్తాయి, ఆక్సైడ్లు ఎండకి తట్టుకుంటాయి. మాట్ ఎమల్షన్ తీసుకుంటే గోడ మట్టిలా ఉంటుంది, సిల్క్ మెరుపు తీసుకుంటే ప్లాస్టిక్ కుర్చీలా ఉంటుంది. పిల్లలుంటే మధ్యస్తంగా, కడగడానికి వీలైన మాట్ అడగండి.

ఎంత కావాలో మీరే లెక్క వేసుకోండి. 12 అడుగుల పొడవు, 10 అడుగుల ఎత్తు గోడ అంటే 120 చదరపు అడుగులు. ఒక్క కోటింగుకి లీటరు సుమారు 200 చదరపు అడుగులు వస్తుంది. ముదురు రంగుల్లో తెల్ల పిండి తక్కువ ఉంటుంది కాబట్టి రెండు కోటింగులతో కింది గోడ పూర్తిగా మూసుకోదు, మూడు వేయాల్సిందే. అంటే 360 చదరపు అడుగులు, రెండు లీటర్లు. ఒక్క గోడకి రెండు లీటర్లా అని కొట్టువాడు ఆశ్చర్యపోతే పోనివ్వండి. అవసరమైనంతా ఒకేసారి కలిపించి, ఇంటికి తెచ్చాక అన్ని డబ్బాలూ ఒకే బకెట్లో పోసి కలిపేయండి. వారం పోయాక తెచ్చిన డబ్బా, అదే కోడ్ అయినా, వెంట్రుకవాసి తేడాతో వస్తుంది. ఆ తేడా గోడ మధ్యలో పడితే తెలిసిపోతుంది.

గోడ తయారీ

ఊడుతున్న పాత రంగంతా గీకించాలి. పాత డిస్టెంపర్ (సుద్ద రంగు) అయితే ఆనవాలు లేకుండా తీయించాలి, దాని మీద ఏది వేసినా పొరలా లేస్తుంది. పాత ఇంట్లో ఆయిల్ పెయింటు ఉంటే పొడిగా ఎమరీ కాగితం కొట్టనివ్వకండి. ఇళ్లకి వాడే రంగుల్లో విషమైన సీసం (లెడ్) 90 పీపీఎం, అంటే పది లక్షల్లో 90 వంతులు, దాటకూడదన్న నిబంధన అమల్లోకి వచ్చింది 2017 నవంబరులోనే. అంతకు ముందటి పొరల్లో ఎంత ఉందో చూసి చెప్పలేం. తడి చేసి రుద్దించండి, పెయింటర్ ముక్కుకి మాస్కు, పిల్లలు ఇంకో గదిలో.

తర్వాత లప్పం. చెమ్మకి అవకాశమున్న ఊరు కాబట్టి వైట్ సిమెంట్ లప్పమే పెట్టించండి. పల్చగా రెండు చేతులు, మధ్యలో ఆరనిచ్చి. ఎమరీ ముందు 180 నంబరు, తర్వాత 320. అయిపోయింది అని పెయింటర్ అన్న రాత్రి గదిలో లైట్లన్నీ ఆర్పి, టార్చి గోడకి ఆనించి పక్కనుంచి వేయండి. గుంటలు, గీతలు నీడలు పడి లేచి కూర్చుంటాయి. ముదురు మాట్ రంగు కింద అవన్నీ జన్మంతా కనిపిస్తాయి. పెన్సిల్‌తో సున్నాలు చుట్టి, పొద్దున చూపించండి. మా ఇంట్లో పదిహేడు సున్నాలు చుట్టాను. "మీరు ఇంజనీరా మేడం?" అన్నాడు గానీ అన్నీ సరిచేశాడు.

దుమ్ము పూర్తిగా దులిపి, ఒక కోటింగు వాటర్ ప్రైమర్. దాని మీద మొదటి కోటింగు కోసం అదే రంగులో రెండు మెట్లు తేలికది ఒక లీటరు విడిగా తెచ్చుకుంటే, పైన అసలు రంగు రెండు కోటింగులతోనే నిండుతుంది. ఇలా చేసేవాళ్లు ముదురు డబ్బా ఆ మేరకి తగ్గించుకోవచ్చు.

రంగు వేసే రోజు

నీళ్లు. ఈ ఒక్క సంగతి ఎవరూ చెప్పరు. సముద్రానికి దగ్గర వీధుల్లో బోరు నీళ్లు ఉప్పగా ఉంటాయి. వాటితో రంగు కలిపితే ఉప్పుని మీ చేత్తో మీరే గోడకెక్కించినట్టు. కుళాయి నీళ్లో, తాగే నీళ్లో ముందు రోజే రెండు బిందెలు పట్టి ఉంచండి. ఎంత కలపాలో డబ్బా మీద ఉంటుంది. అంతకి మించి ఒక్క మగ్గు ఎక్కువ పోసినా రంగు పల్చబడి గోడ మీద కారుతుంది. ప్రతి కలుపుకీ అదే మగ్గు, అదే కొలత.

అంచులకి మాస్కింగ్ టేపు, నేలకి పాత దుప్పటి మీద ప్లాస్టిక్ షీటు. మొజాయిక్ మీద ఈ రంగు ఎండిందంటే గీకాల్సిందే. ముందు రెండంగుళాల బ్రష్‌తో మూలలు, అంచులు. అవి తడారకముందే రోలర్, పై నుంచి కిందికి, ఒక పట్టీ పక్కన ఇంకో పట్టీ, తడి అంచు మీద తడి రోలర్. వేస్తున్నంతసేపూ ఫ్యాన్ ఆపేయాలి, అంచు ఆరిపోతే అతుకు పడుతుంది. గోడ మధ్యలో ఆపి టీకి వెళ్తే ఆ టీ గుర్తు గోడ మీద ఏళ్ల తరబడి ఉంటుంది. గోడ మొదలుపెట్టక ముందే టీ ఇచ్చేయండి, నేను అదే చేశాను. అయ్యాక ఇంకొకటి.

కోటింగుకి కోటింగుకి నాలుగు గంటలని డబ్బా మీద రాసి ఉన్నా, మన గాలికి ఆరు గంటలు ఇవ్వండి. ఆ రోజు మబ్బు పట్టి ఒళ్లు జిడ్డుగా ఉంటే రెండో కోటింగు మర్నాటికి. మొదటి కోటింగు చూసి కంగారు పడకండి, మరకలు మరకలుగా, ఎవరో కాఫీ ఒలకబోసినట్టు ఉంటుంది. రెండో దానికి కుదురుకుంటుంది. ఆఖరి కోటింగు పచ్చిగా ఉండగానే టేపు లాగేయాలి, ఎండాక లాగితే అంచు చిరుగుతుంది.

గోడ ముందు ఏం పెట్టాలి

మట్టి కుండీలు మాత్రం పెట్టకండి. టెర్రకోట గోడ ముందు టెర్రకోట కుండ కనపడదు, అవి తెల్ల గోడ వైపు జరపండి. ఇక్కడ పచ్చటి ఆకులు, ఇత్తడి, పేము కుర్చీ. కర్టెన్లకి పొందూరు ఖద్దరు తెలుపు, అదీ గంజి ఎక్కువ పెట్టకుండా. అల్మారాలో ఏటికొప్పాక లక్క బొమ్మలు నాలుగు పెడితే ఆ పసుపులు, ఎరుపులు ఈ గోడకే పుట్టినట్టుంటాయి. వాటి సంప్రదాయ రంగులు చెట్టూ చేమల నుంచి తీసినవే కదా. నీలం ఒక్క వస్తువుకి మించొద్దు, మీ కిటికీలోంచి సముద్రం కనిపిస్తుంటే ఆ ఒక్కటీ అక్కర్లేదు.

మొదటి నెల గోడని తుడవకండి, పైకి ఆరినా లోపల గట్టిపడటానికి ఆ మాత్రం పడుతుంది. తర్వాత మెత్తటి గుడ్డ తడిపి, గట్టిగా పిండి, రుద్దకుండా అద్దాలి. బీచ్ రోడ్డు వైపు కిటికీలున్న వాళ్లకి ఉప్పు జిడ్డు, జ్ఞానాపురం వైపు వాళ్లకి పోర్టు బొగ్గు నల్ల దుమ్ము ఎలాగూ తప్పవు. కిటికీ పక్క మూరెడు మేర నెలకోసారి అద్దుకుంటే చాలు.

మిగిలిన రంగు పారేయకండి. చిన్న గాజు సీసాలో నిండా పోసి, గాలి చొరకుండా మూత బిగించి, రంగు కోడ్, కంపెనీ, ఏ గోడ, ఏ నెల అన్నీ కాగితం మీద రాసి అంటించండి. కర్టెన్ రాడ్ బిగించడానికి వచ్చిన అబ్బాయి డ్రిల్లుతో మొదటి రంధ్రం తప్పుచోట పెట్టేది ఎలాగూ ఆ వారంలోనే. లోపలి తెల్ల లప్పం బయటపడిన ఆ చుక్కకి బ్రష్ కూడా అక్కర్లేదు, అగ్గిపుల్లకి దూది చుట్టి అద్దితే సరిపోతుంది.